క్యాంపు కత్తి వాదర మడత పడింది, చెక్క పిడి విడిపోయింది: నా పనిలో లోపం ఎక్కడుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను చేత్తో తయారుచేసుకున్న మొదటి క్యాంపు కత్తి గురించి మీ సలహా కోరుతున్నాను. ఆరుబయట బస చేసినప్పుడు కట్టెలు చీల్చడానికీ, చిన్న కొమ్మలు నరకడానికీ, గుడారపు మేకులు చెక్కుకోవడానికీ ఒక్క కత్తే సరిపోవాలన్న ఉద్దేశంతో, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న 1084 రకం ఉక్కు పట్టీ మీద 20 సెంటీమీటర్ల అలుగు, 13 సెంటీమీటర్ల పిడి వచ్చేలా గీసుకొని, రంపంతో కోసి, ఆకురాళ్లతోనే రూపు తెచ్చాను. యంత్రం వాడలేదు. మూడు నెలల పాటు సెలవు రోజులన్నీ ఈ పనికే వెచ్చించాను.

తరువాత చిన్న గ్యాస్ కొలిమిలో అలుగును ఎర్రగా కాచి, అయస్కాంతానికి అంటుకోవడం మానగానే బయటికి తీసి, గది వేడిమిలోనే ఉన్న పాత ఇంజన్ నూనెలో ముంచాను. ఆపైన 200 డిగ్రీల ఓవెన్‌లో ఒకసారి రెండు గంటలు ఉంచాను. పిడికి తుమ్మ చేవను ఎంచుకున్నాను. కొట్టి ఆరు వారాలు నీడలో ఆరబెట్టిన దుంగ నుంచి రెండు పలకలు కోసి, ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీతో ఉక్కుకు రెండు వైపులా అతికించి, రెండు ఇత్తడి పిన్నులు దిగగొట్టాను.

ఇప్పుడు రెండు లోపాలు బయటపడ్డాయి. ఎండిన కట్టెలోని ముడి మీద కొట్టినప్పుడు వాదర, అంటే పదును అంచు, గోరు వెడల్పున ఒక పక్కకు మడత పడింది. పెచ్చు ఊడలేదు, పగులు లేదు, మడత మాత్రమే పడింది. రెండవది, రెండు నెలలు తిరిగేసరికి పిడి చుట్టూ ఉక్కు అంచు చెక్క కన్నా పైకి తేలి చేతికి గరుకుగా తగులుతోంది, పిడి ముందు భాగంలో కాగితం దూరేంత సందు ఏర్పడింది. ఉక్కు ఎంపికలో పొరపాటు చేశానా, లేక కాచడంలోనా? పిడికి వేరే చెక్క తీసుకోవాలా? ఈ కత్తిని పారేయకుండా బాగుచేసుకునే మార్గం ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం 1

ఉక్కు ఎంపికలో పొరపాటు ఏమీ లేదు. 1084లో కార్బన్ సుమారు 0.84 శాతం ఉంటుంది, గట్టిపడటాన్ని క్లిష్టం చేసే ఇతర లోహాలు అందులో ఎక్కువగా ఉండవు కాబట్టి, ఉష్ణమాపకం లేని చిన్న కొలిమిలో పనిచేసేవారికి అంతకన్నా అనువైన ఉక్కు దొరకడం కష్టం. కొత్తవారు చాలామంది పాత వాహనాల కమాను పట్టీలతో మొదలుపెడతారు. ఆ ఉక్కు మంచిదే అయినా ఏ రకానిదో కచ్చితంగా తెలియదు, ఏళ్ల తరబడి వంగి లేచిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్లు ఉండవచ్చు, ఆ పగుళ్లు నూనెలో ముంచినప్పుడే తెరుచుకుంటాయి. మీరు తెలిసిన ఉక్కును కొత్తదిగా తీసుకోవడం వల్ల ఇప్పుడు కారణం వెతకడం సులువైంది.

వాదర పెచ్చు ఊడితే గట్టితనం మితిమీరిందని, మడత పడితే గట్టితనం చాలలేదని లేదా వాదర మరీ పలచనైందని అర్థం. మీ విషయంలో ఈ రెండింటిలో ఏది జరిగిందో తేల్చడానికి ముందు ఒక పరీక్ష చేయండి. వాదర మీద, అలుగు మధ్యలో, మడమ (పిడి వైపున్న అలుగు కొస) దగ్గర, ఇలా మూడు చోట్ల మంచి కొత్త ఆకురాయిని తేలికగా నడపండి. గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి గాజు మీద జారినట్టు జారుతుంది, మెత్తని ఉక్కును కొరుకుతుంది. మొదటి ఒకటి రెండు గీతల్లో కొరికి ఆ తరువాత జారితే కంగారు పడనక్కరలేదు. కొలిమిలో పై పొరలోని కార్బన్ కాలిపోవడం వల్ల ఆ పలచని పొర మాత్రమే మెత్తగా ఉంటుంది. అలా కాక అర మిల్లీమీటరు లోతు వరకు కూడా ఆకురాయి కొరుకుతూనే ఉంటే, మీ కత్తి అసలు గట్టిపడలేదనే నిర్ణయానికి రావాలి.

మీరు రాసిన పద్ధతిని చూస్తే అదే జరిగి ఉంటుందని నా అభిప్రాయం. అయస్కాంతం వదిలేయడం అన్నది గమ్యం కాదు, గమ్యం దగ్గర పడిందన్న గుర్తు మాత్రమే. ఉక్కు అయస్కాంతాన్ని వదిలేది సుమారు 730 నుంచి 770 డిగ్రీల మధ్యలో. కార్బన్ అంతా ఉక్కులో సమంగా కలిసిపోవాలంటే 1084ను 815 డిగ్రీల దాకా తీసుకువెళ్లి, ఆ వేడిమిలో కొద్ది నిమిషాలు నిలపాలి. ఉష్ణమాపకం లేనివారికి రెండు ఆధారాలు ఉన్నాయి. మసక వెలుతురులో గమనిస్తే, అలుగు వేడెక్కుతున్నప్పుడు లోపల నీడల్లాంటి మచ్చలు కదులుతూ కనిపిస్తాయి. ఉక్కు తన లోపలి అమరికను మార్చుకోవడానికి వేడిని తాగుతున్న సమయం అది. ఆ నీడలన్నీ మాయమై, మొన నుంచి మడమ దాకా ఒకే రంగు పరుచుకున్న తరువాత మాత్రమే ముంచాలి. రెండవ ఆధారం వంటింటి ఉప్పు. ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక, అదే మందం గల వృథా ముక్కను పక్కన పెట్టి కాచి, దాని మీద నాలుగు పలుకులు చల్లితే, అవి కరిగి తడిలా పరుచుకున్నప్పుడు ఏ రంగు ఉందో కంటికి అలవాటవుతుంది. అసలు అలుగు మీద మాత్రం ఉప్పు చల్లకండి, తుప్పు పట్టిస్తుంది.

ఇక నూనె సంగతి. 1084 గట్టిపడాలంటే ఎర్రటి వేడి నుంచి 550 డిగ్రీల కిందికి సుమారు ఒక సెకనులోనే దిగిపోవాలి. చల్లని ఇంజన్ నూనె చిక్కగా ఉండి ఉక్కు చుట్టూ మెల్లగా కదులుతుంది కాబట్టి వేడిని అంత త్వరగా లాగలేదు. వాడేసిన ఇంజన్ నూనె పొగలో ఊపిరితిత్తులకు హాని చేసే లోహపు మలినాలు కూడా ఉంటాయి, అందువల్ల దాన్ని పూర్తిగా మానేయండి. కనోలా అనే వంటనూనెను కనీసం నాలుగు లీటర్లు తీసుకొని 50 నుంచి 55 డిగ్రీల దాకా వెచ్చబెట్టండి. వెచ్చబడిన నూనె పలచబడి త్వరగా కదులుతుంది, వేడిని బాగా లాగుతుంది. చల్లని నూనె కన్నా వెచ్చని నూనె త్వరగా చల్లారుస్తుందంటే మొదట్లో నాకు కూడా నమ్మకం కలగలేదు, ఒకే పట్టీ నుంచి కోసిన రెండు ముక్కలతో పక్కపక్కన ప్రయత్నించి చూశాకే ఒప్పుకున్నాను.

సమాధానం 2

ఉక్కు గురించి పైన సమగ్రంగా చెప్పారు, నేను పిడికే పరిమితమవుతాను. తుమ్మ చేవ పనిముట్ల పిడులకు తగిన కర్రే, లోపం జాతిలో లేదు, తడిలో ఉంది. దుంగను గాలికి ఆరబెట్టేటప్పుడు ప్రతి 25 మిల్లీమీటర్ల మందానికి సుమారు ఒక సంవత్సరం పడుతుందని వడ్రంగులు లెక్క వేసుకుంటారు. మీరు ఇచ్చిన ఆరు వారాల్లో పై పొర మాత్రమే ఆరింది. ఉక్కు చెక్కతో పాటు కుంచించుకోదు, ఎక్కడ ఉన్నది అక్కడే ఉంటుంది, కాబట్టి చెక్క ముడుచుకున్న మేరకు ఉక్కు అంచు పైకి తేలినట్టు కనిపిస్తుంది.

ఈ కదలిక ఎంత ఉంటుందో ఒకసారి లెక్క కట్టి చూస్తే జాగ్రత్త ఎందుకు అవసరమో తెలుస్తుంది. చెక్క నార పొడవునా దాదాపు ముడుచుకోదు, అడ్డంగానే ముడుచుకుంటుంది. జాతిని బట్టి తేడా ఉన్నా, తడి ఒక శాతం తగ్గితే అడ్డ వెడల్పు సుమారు పావు శాతం తగ్గుతుందనుకోవచ్చు. 28 మిల్లీమీటర్ల వెడల్పున్న పలకలో తడి నాలుగు శాతం తగ్గితే, ముడుపు పావు మిల్లీమీటరు దాటుతుంది. వేలి కొసకు అంతకన్నా చిన్న మెట్టు కూడా స్పష్టంగా తెలుస్తుంది. పచ్చి దుంగలో తగ్గవలసిన తడి నాలుగు శాతంతో ఆగదు కనుక మీ పిడిలో సందు రావడంలో ఆశ్చర్యం లేదు. పెరుగుదల వలయాలకు సమాంతరంగా కోసిన పలక, వలయాలకు అడ్డంగా కోసిన పలక కన్నా దాదాపు రెట్టింపు ముడుచుకుంటుంది. అందుచేత దుంగ నుంచి కోసేటప్పుడు వలయాలు పలక మందంలో నిలువుగా కనిపించేలా చూసుకోండి, నార పిడి పొడవునా పోవాలి, పిన్నుల దగ్గర ముడి ఉండకూడదు.

కర్ర ఆరిందో లేదో తెలుసుకోవడానికి తూకాన్ని మించిన నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు. పలకలను పూర్తి కొలత కన్నా నాలుగు మిల్లీమీటర్లు మందంగా కోసి, రెండు కొసలకు మైనం పూసి, నీడలో గాలి ఆడే చోట పెట్టండి. వారానికొకసారి తూచి కాగితం మీద రాసుకుంటూ ఉండండి. వరుసగా మూడు నాలుగు వారాలు బరువు మారకుండా ఉంటే, చుట్టూ ఉన్న గాలికి చెక్క సరితూగిందని అర్థం. అప్పుడు మాత్రమే చదును చేసి వాడాలి. ఎదురుచూసే ఓపిక లేనివారు స్టెబిలైజ్ చేసిన చెక్క కొనుక్కోవచ్చు. అందులో గాలిని తోడేసి చెక్క రంధ్రాల్లోకి రెసిన్ ఎక్కించి గట్టిపరుస్తారు కాబట్టి తడి రాకపోకలు చాలా తగ్గిపోతాయి. నిజం చెప్పాలంటే నూనె తాగి, చేతి రాపిడికి నిగ్గుతేలిన మామూలు చేవ ఇచ్చే స్పర్శ దానిలో నాకు దొరకలేదు, అది నా ఇష్టం మాత్రమే.

అతికించే పనిని మీరు వేగంగా ముగించారు. ఐదు నిమిషాల ఎపాక్సీ తడికీ, దెబ్బల అదురుకూ అంతగా నిలవదు. 24 గంటలు పట్టే రకాన్ని తీసుకోండి. అతికించే ముందు ఉక్కు పక్కలను 60 నంబరు గరుకు కాగితంతో గీతలు పడేలా రుద్ది, ఉక్కునూ చెక్కనూ అసిటోన్‌తో తుడిచి, ఆ తరువాత వేలు తగలనివ్వకండి. టేకు, రోజ్‌వుడ్ వంటి నూనె గుణం గల చెక్కలకు ఈ తుడుపు మరీ ముఖ్యం. బిగింపులను బలమంతా ఉపయోగించి బిగిస్తే జిగురంతా బయటికి కారిపోయి అతుకు ఎండిపోతుంది. అంచుల వెంట సన్నని వరుసగా జిగురు కనిపించేంత బిగింపు చాలు. పలకల ముందు కొసలను మాత్రం అతికించక ముందే పూర్తిగా నునుపు చేసి మెరుగు పెట్టుకోవాలి. తరువాత అక్కడ రుద్దబోతే అలుగు మీద గీతలు పడక తప్పదు.

ప్రశ్న అడిగినవారి వివరణ

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే ఆకురాయితో పరీక్షించాను. మొన దగ్గర రెండు గీతల తరువాత జారింది. కానీ మడమ దగ్గరా, మడత పడిన చోటా అర మిల్లీమీటరు దాకా అరగదీసినా ఆకురాయి కొరుకుతూనే ఉంది. పలచగా ఉన్న మొన ముందుగా వేడెక్కి గట్టిపడిందనీ, మందంగా ఉన్న మడమ ఆ వేడిమికి చేరలేదనీ ఇప్పుడు అర్థమవుతోంది. పిడిని ఎలాగూ తీసేయాలి కనుక అలుగును మళ్లీ కాచి ముంచవచ్చా? సాన పట్టడం పూర్తయిపోవడం వల్ల వాదర దగ్గర మందం ఇప్పుడు 0.5 మిల్లీమీటర్లే ఉంది. మరొక సందేహం కూడా ఉంది. కొత్త పిడిని ఇలాగే రెండు పలకలతో చేయాలా, లేక ఉక్కును సన్నని తోకలా కోసి ఒకే దిమ్మలోకి దించాలా?

సమాధానం 3

పిడి నిర్మాణం గురించి మాత్రం చెబుతాను. ఒకే దిమ్మలోకి తోకను దించిన పిడిని నేను ఇష్టపడతాను. అలుగు వైపు బరువు ఉండి పిడి తేలికగా ఉంటుంది, ఉక్కు అంచు చేతికి తగలదు, చెక్క కొద్దిగా ముడుచుకున్నా బయటికి కనిపించదు. అయితే మీ అలుగు ఇప్పటికే పూర్తి వెడల్పు పట్టీతో ఉంది, దాన్ని కోసి సన్నబరిస్తే అలుగు పిడిలోకి దిగే చోట బలహీనత వస్తుంది, అక్కడ మూల చతురస్రంగా మిగిలితే దెబ్బ భారమంతా ఆ మూలలోనే పోగుపడి పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. కాబట్టి ఈ కత్తికి పలకల పిడినే ఉంచండి. మళ్లీ కాచే ముందు, ఉక్కు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే, పిడి భాగంలో పిన్నుల రంధ్రాలతో పాటు మరో ఐదారు రంధ్రాలు వేయండి. బరువు తగ్గుతుంది, రంధ్రాల గుండా జిగురు ఒక పలక నుంచి మరో పలకకు కలిసిపోయి మేకు బిగించినట్టు పట్టుకుంటుంది.

పిడి అడ్డకోత గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి. చీకటిలో పట్టుకున్నా వాదర ఎటువైపు ఉందో చేతికి తెలియాలి. నడుమ కొద్దిగా ఉబ్బెత్తుగా, వెనుక కొసన చిటికెన వేలును ఆపేటట్టు కిందికి వంపుగా చెక్కితే, నరికేటప్పుడు చెయ్యి చెమర్చినా కత్తి జారిపోదు. పూర్తి మెరుగుకు ముందు పిడిని కొద్దిగా మందంగా ఉంచి, ఒక గంట సేపు నిజంగా కట్టెలు కొట్టి చూడండి. అరచెయ్యి ఎక్కడ ఎర్రబడితే అక్కడ ఇంకా చెక్కవలసి ఉందని తెలిసిపోతుంది. ఈ విషయంలో ఏ కొలతల పట్టికా ఆ గంటకు సాటి రాదు.

సమాధానం 1 రాసినవారి మరో వివరణ

తప్పకుండా మళ్లీ కాచవచ్చు, కానీ వాదరను ఇప్పుడున్న 0.5 మిల్లీమీటర్ల మందంతో ముంచవద్దు. అంత పలచని అంచు నూనెలో అలల్లా వంకర్లు తిరుగుతుంది, ఒక్కోసారి పగులుతుంది. వాదరను ఆకురాయితో నేరుగా వెనక్కి అరగదీస్తూ, అంచు మందం 0.8 నుంచి 1 మిల్లీమీటరు అయ్యే దాకా తీసేయండి. వెడల్పు కొద్దిగా తగ్గుతుంది, మడత పడిన చోటు కూడా అందులోనే పోతుంది. అడ్డంగా ఉన్న లోతైన ఆకురాయి గీతలన్నీ పోయేలా పొడవునా రుద్దండి, ఎందుకంటే ఒక్కో గీత ఒక పగులుకు దారి చూపించగలదు.

ఆ తరువాత వెంటనే ముంచకుండా, మూడుసార్లు కాచి గాలిలో చల్లార్చండి. మొదటిసారి 870 డిగ్రీల దగ్గర, రెండవసారి 815 దగ్గర, మూడవసారి 760 దగ్గర, ప్రతిసారీ ఎరుపు పూర్తిగా పోయి నల్లబడే దాకా ఆగాలి. ఇది ఉక్కులోని రేణువులను సన్నబరుస్తుంది, అరగదీయడంలో పోగుపడిన ఒత్తిడిని తొలగిస్తుంది. ఉప్పు పరీక్షకు వాడిన వృథా ముక్కను కూడా వీటితో పాటే కాచి, చివరికి నూనెలో ముంచి, గుడ్డలో చుట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకొని విరిచి చూడండి. విరిగిన చోట మఖ్మల్‌లా మసక బూడిద రంగు కనిపిస్తే మీ వేడిమి సరిగా ఉంది. పంచదార పలుకుల్లా మెరిస్తే అతిగా కాచారు, అలుగు జోలికి వెళ్లకముందే వేడిమి తగ్గించుకోండి.

ముంచడానికి కాచేటప్పుడు ఈసారి మడమను ముందుగా వేడి చేసి, మొనను మంట నుంచి కాస్త దూరంగా ఉంచి, చివర్లో మాత్రమే లోపలికి నెట్టండి. నూనె లోహపు పాత్రలోనే ఉండాలి, పక్కనే సరిపడే మూత ఉండాలి, పట్టకారు పొడవుగా ఉండాలి. నూనె అంటుకుంటే మూత వేసి ఊపిరి అందకుండా చేయాలే తప్ప, నీళ్లు పోయడం ప్రాణాంతకం. అలుగును ఒక్క వేటుగా పూర్తిగా ముంచి, వాదర, వెన్ను ఉన్న దిశలోనే ముందుకూ వెనక్కూ కదపండి. పక్కలకు ఊపితే ఒక పక్క ముందు చల్లారి కత్తి వంగుతుంది. పదిహేను సెకన్ల తరువాత తీసి చూసినప్పుడు వంకర కనిపిస్తే, వేడి ఇంకా ఉన్న ఆ కొద్ది క్షణాల్లో రెండు చదునైన చెక్కల మధ్య నొక్కి సరిచేయవచ్చు, పూర్తిగా చల్లారాక ప్రయత్నిస్తే విరుగుతుంది.

చెయ్యి తట్టుకునేంత వేడికి దిగిన వెంటనే ఓవెన్‌లో పెట్టండి, మరునాటికి వాయిదా వేయకండి. మీరు ఇదివరకు 200 డిగ్రీలకు ఒకసారే ఉంచారు. నరకడానికి వాడే కత్తి కనుక ఈసారి 215 నుంచి 220 డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు ఉంచండి, మధ్యలో పూర్తిగా చల్లారనివ్వండి. గట్టితనం కొద్దిగా తగ్గినా దెబ్బను ఓర్చుకునే గుణం పెరుగుతుంది. ఇంటి ఓవెన్‌లో వేడిమి పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది కాబట్టి, అలుగును ఇసుక నింపిన పళ్లెంలో పాతిపెట్టి, పక్కన విడిగా ఒక ఉష్ణమాపకం ఉంచి, ముందే గంటసేపు వేడెక్కనివ్వండి.

ఇక చివరి సాన. వాదర వెనుక మందం 0.5 మిల్లీమీటర్లకు వచ్చే దాకా, ప్రతి కొద్ది గీతలకొకసారి నీళ్లలో ముంచుతూ అరగదీయండి. సానరాయి మీద ఒక్కో పక్క 20 నుంచి 22 డిగ్రీల కోణంలో వాదర తేవాలి. పిడి అతికించక ముందే ఒక పరీక్ష చేయండి. 6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని బల్లకు బిగించి, వాదరను దాని మీద కొద్దిగా వంగేలా నొక్కుతూ మడమ నుంచి మొన దాకా జరపండి. వంగి మళ్లీ నిటారుగా వస్తే పని నెరవేరింది. వంగి అలాగే ఉండిపోతే గట్టిపడలేదు. పెచ్చు రాలితే ఓవెన్‌లో పది డిగ్రీలు పెంచి మరోసారి ఉంచండి.

పిడికి అవిసె నూనె పూయాలనుకుంటే పలచటి పొరలుగా, ఒక్కో పొరకు ఒక రోజు విరామమిచ్చి పూయండి. ఆ నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ముద్దగా చేసి మూల పడేయకండి. అవి ఆరుతూ తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాతే పారేయండి. ఇత్తడి కడ్డీ పరీక్షలో ఏం వచ్చిందో ఇక్కడ రాయండి, మడమ దగ్గర ఇంకా మెత్తదనం మిగిలితే కొలిమి లోపలి మంట దిశను మార్చవలసి ఉంటుంది, అది ఫలితం చూశాక చెబుతాను.